ఒకరు ఎంచి యిచ్చిన నవల

పెండ్లి పంక్తిలో వడ్డించినదానిని కాదనక తినుట మర్యాదయని పెద్దలు మనకు నేర్పిరి. ఆకులో మనకు సరిపడని కూర పడినను, వడ్డించినవారి మొగము చూచి రెండు ముద్దలైనను తినుచుందుము. పుస్తకముల విషయమున ఈ మర్యాద మనలో లేదు. నాకు నచ్చినదే నేను చదువుదును, నచ్చనిదానిని పది పుటలకే మూసివేయుదును అనుట చదువరియొక్క స్వాతంత్ర్యముగా ఎంచబడుచున్నది. మేమును నలువది యేండ్లు ఆ స్వాతంత్ర్యమును నిరాటంకముగా అనుభవించితిమి. గడచిన ఆరేండ్లనుండి మాత్రము, మేము కోరని నవలలను, మరియొకరు మాకొరకు ఎంచి యిచ్చినవానిని, చివరి పుటవరకు చదువుచున్నాము. అందువలన మాకు కలిగిన లాభమును, లాభముకంటె ముందుగా కలిగిన సిగ్గును, పాఠకులకు విన్నవించుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది వేటపాలెము. చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుదారిలో, చీరాలకు పొరుగున, సముద్రమునకు కొలదిదూరమున నున్న ఊరు. వీధిలో నడచుచుండగా ఒక యింటినుండి మగ్గపు చప్పుడును, మరియొక యింటినుండి జీడిగింజలు వేయించు వాసనయు వచ్చుచుండును. మేము పుట్టిననాడు ఈ ఊరు గుంటూరు జిల్లాలోనిది. 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి పోయినది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశము జిల్లాయని పేరు పెట్టిరి. 2022నుండి మేము బాపట్ల జిల్లావారము. జిల్లాలు ఎన్ని మారినను, దూరపువారికి మా ఊరి పేరు చెప్పగానే స్ఫురించునది ఒక గ్రంథాలయము. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు స్థాపించిన సారస్వత నికేతనమే అది. దాని భవనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిరి. అచట భద్రపరచిన పాత పత్రికల సంపుటములకై పరిశోధకులు దూరప్రాంతములనుండి నేటికిని వచ్చుచుందురు.

ఆ తరమువారి గ్రంథాలయోద్యమములో మనము సాధారణముగా గమనింపని విశేషమొకటి కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన కాలమున, పల్లెలలో నాకు ఫలానా పుస్తకము కావలెనని అడుగగలవారే అరుదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు అడుగనివారి కడకే పుస్తకమును కొనిపోవలెనని పాటుపడిరి. పాతూరి నాగభూషణముగారి పూనికచే 1935లో కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము కూడ నడచెను. పడవ ఆగినచోట పుస్తకము ఒడ్డునకు దిగెడిది. తాను ముందుగా తలపెట్టని పుస్తకము తన చేతికి వచ్చుటయే ఆనాటి చదువరులలో ఎందరికో చదువునకు ప్రారంభము. పుస్తకములు మా యింట బీరువాలు నిండిన పిదప మేము ఆ సంగతి మరచితిమి.

ఆరేండ్ల క్రిందట మా ఊరివారము తొమ్మండుగురము ఒక చదువరుల కూటమిగా ఏర్పడితిమి. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. నేతపని చేయువారు ఇద్దరు, తపాలాశాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దాయన ఒకరు, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు ఒకరు, జీడిపప్పు వర్తకులు ఒకరు, గృహిణులు ఇద్దరు, కళాశాలలో చదువుచున్న అమ్మాయి ఒకతె, ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లు తెలుగు చెప్పిన మేము. నెలలో చివరి ఆదివారము సాయంకాలము వర్తకులవారి యింటి వసారాలో కూడుదుము. పేర్లు వ్రాసిన చీటీలను ఇత్తడి చెంబులో వేసి తీయుదుము. ఎవరి చేతికి ఎవరి పేరు వచ్చినచో, వారికొరకు వీరు ఒక నవలను ఎంచి యీయవలెను.

నిబంధనలు మూడే. ఎంచినవారు ఎందుకు ఎంచిరో పుస్తకమిచ్చునపుడు చెప్పరాదు. పుచ్చుకొన్నవారు చివరి పుటవరకు చదువక మానరాదు. మరల కూడినపుడు, బాగున్నది, బాగులేదు అనుటకు ముందు, చదువుచు చదువుచు ఏ చోట ఆగిపోయిరో చెప్పవలెను. ఈ మూడవ నియమమును పెట్టినది కళాశాల అమ్మాయి. ఇదేమి వింతయని ఆనాడు మేము నవ్వితిమి. తరువాత మమ్ములను పట్టియిచ్చినది ఆ నియమమే.

నవలనే ఎందుకు ఎంచుకొంటిరని కొందరు అడుగుదురు. నవల మన యిండ్లలోనికి అనుమానపు చూపుల నడుమ ప్రవేశించినది. నవలలు చదివిన ఆడుపిల్ల సంసారమునకు పనికిరాదను మాట మా చిన్నతనమునందును వినబడుచుండెడిది. మా మేనత్తగారు అద్దెకు తెచ్చిన నవలలను బియ్యపు డబ్బాలో దాచి, మధ్యాహ్నము ఇల్లు సద్దుమణిగిన పిదప చదువుకొనెడివారు. మా తాతగారు ఆమెకు భాగవతమును, నీతికథలను ఎంచి యిచ్చి, తక్కినవేవియు ముట్టరాదని శాసించియుండిరి. తాతగారు ఎంచిన పుస్తకములు చెడ్డవి కావు; శాసనము చెడ్డది. ఒకరికొరకు పుస్తకము ఎంచుటలో ప్రేమ ఉండవచ్చును, పెత్తనమును ఉండవచ్చును. పైయట్టను చూచి రెండింటిని వేరుపరుపజాలము. మేము బాల్యమునుండి మేనత్తగారి పక్షమువారమని గర్వించుచుండెడివారము. మాలో తాతగారి పాలు ఎంత యున్నదో కూటమిలో చేరిన పిదపగాని తెలియలేదు.

మొదటి నెలలో మా చీటీ తపాలాశాఖ పెద్దాయనకు వచ్చెను. ఆయనకును మాకును ఇరువది యేండ్ల వాగ్వాదము. మేము సంస్కరణవాదులము, ఆయన పూర్వాచారమునందు పట్టుదల గలవారు. సంచిలో పెట్టి తెచ్చి ఆయన మా ముందుంచినది విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజుగారి నారాయణరావుతో బహుమానమును పంచుకొన్న ఆ నవల వేయి పుటలకు దగ్గరగా నుండును. కూటమివారు దయతలచి మాకు గడువు రెట్టింపు చేసిరి. ఆ నవలకు ఖండనమును మేము తరగతిలో పలుమారులు చెప్పియుంటిమి. పుస్తకమును మాత్రము నూరు పుటలకు మించి చదివి యెరుగము. ఎఱ్ఱ పెన్సిలు చేతపట్టుకొని కూర్చుంటిమి. మొదటి పది దినములలో నలువది చోట్ల గీతలు గీసితిమి.

ఆ పిదప ఒకనాడు గీయుట మరచితిమి. సుబ్బన్నపేటలోని పాత జీవితము ఒక్కొక్క పాయగా ఎండిపోవుచుండగా ధర్మారావు చూచుచుండును. దానిని నిలుపలేడు, విడిచిపోలేడు. ఆ భాగము చదువుచుండగా మాకు పెద్దాయన తలపునకు వచ్చిరి. తాను పుట్టిన పల్లెలో రథోత్సవము నిలిచిపోయెననియు, దానికి మేళమును పిలుచుకొని వచ్చు పని తన తండ్రిదనియు ఆయన ఒకప్పుడు చెప్పియుండిరి. మేము దానిని వాదములోని ఒక యుక్తిగా తీసికొని, అప్పటికప్పుడు తగిన బదులు చెప్పి గెలిచితిమి. ఏ చోట ఆగితిరని వసారాలో అడిగినపుడు, ధర్మారావు చూచుచు నిలిచిన చోటనే యని చెప్పితిమి. పెద్దాయన కొంతసేపు కండువాతో కళ్లజోడు తుడుచుకొని అనిరి.

"మీరు ఒప్పుకోవాలని ఇవ్వలేదు మాస్టారూ. నేనెందుకిట్లా మాట్లాడతానో తెలుస్తుందని ఇచ్చాను."

మా అభిప్రాయము మారలేదు. వర్ణవ్యవస్థనుగూర్చి ఆ నవల సమర్థించునది నేటికిని మాకు సమ్మతము కాదు. మారినది మా చెవి. ఇరువది యేండ్లుగా మేము వాదమని విన్నది చాలవరకు దుఃఖమని తెలిసినది. దుఃఖమునకు ఖండనము చెప్పి గెలుచుటలో గొప్ప యేమున్నది?

ఆయనయు తన వంతు తప్పించుకొనలేదు. మరియొక నెలలో గృహిణులలో ఒకరు ఆయనకు డాక్టరు పి. శ్రీదేవిగారి కాలాతీత వ్యక్తులు ఎంచి యిచ్చిరి. తెలుగు స్వతంత్ర పత్రికలో వెలువడిన ఆ నవలలోని ఇందిర తనకు కావలసినదానిని దాచక కోరుకొను స్త్రీ. పెద్దాయన చదివి వచ్చి, "ఆ పిల్లను మెచ్చుకోలేనుగానీ, కూతురి సంపాదన మీద బతికే ఆ తండ్రి ఎదురుపడితే నాలుగు చీవాట్లు పెడతాను" అనిరి. ఆ గృహిణి ఏమియు పలుకక వేయించిన జీడిపప్పు పళ్లెమును ఆయన వైపు జరిపిరి. ఆమె యుద్దేశ్యము నెరవేరెనని మాకు తోచినది.

రెండవ యేట మా చేతికి వచ్చిన చీటీలో నేతపని చేయు యువకుని పేరుండెను. ఇరువదియైదేండ్లవాడు. కొన్ని నెలల క్రిందట, సొమ్ము రెట్టింపు చేసి యిత్తుమని చెప్పిన ఎవరినో నమ్మి అతడు చేతిలోనిది పోగొట్టుకొనెనని మేము వినియుంటిమి. తక్షణమే మాకు తోచినది రాజశేఖర చరిత్రము. వీరేశలింగము పంతులుగారు 1878లో వివేకవర్ధనియందు ప్రకటింప నారంభించి, 1880లో పుస్తకముగా వెలువరించిన నవల. అందులో బంగారము చేసి యిత్తునని నమ్మించిన బైరాగి రాజశేఖరుని సొమ్ముతో ఉడాయించును. ఇంతకంటె తగిన పుస్తకము ఏది? నిబంధన ప్రకారము కారణము చెప్పలేదు, చెప్పనక్కరలేదనియే సంతోషించితిమి.

నెలాఖరున అతడు పుస్తకమును బల్లపై పెట్టి, కూర్చుండక నిలుచుండియే చెప్పెను.

"బైరాగి వచ్చినచోట ఆగాను మాస్టారూ. మీరు నాకు పుస్తకం ఇవ్వలేదు, పాఠం చెప్పారు. ఆ డబ్బు గొడవేంటో ఒక్కమాట నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

వసారాలో ఎవరును మాటలాడలేదు. అతడు వెడలిపోయెను. మూడు నెలలు కూటమికి రాలేదు.

విషయము రెండవ నేతపనివారి వలన తరువాత తెలిసినది. తండ్రికి శస్త్రచికిత్స చేయించుటకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుచుండగా, దానిని త్వరగా తీర్చివేయవలెనను ఆతురతచే అతడు ఆ వలలో పడెను. నేసిన చీరకు వచ్చు కూలితో ఆ అప్పు తీరుటకు ఎన్ని యేండ్లు పట్టునో అతడు లెక్కవేసికొనియే యుండెనట. మేము దురాశయనుకొన్నది దురాశ కాదు, భయము. వీరేశలింగముగారి నవలలో దోషము లేదు. ఆయన దానిని దేశమునకంతకు వ్రాసిరి. మేము దానిని ఒకనికి గురిపెట్టి విసరితిమి. ముప్పది యేండ్ల వృత్తిలో ఎందరు పిల్లలమీద ఇట్లు పుస్తకములను విసరితిమో, వారిలో ఎందరు అందువలన పుస్తకమనిన ముఖము త్రిప్పుకొనిరో! సంస్కరణము కోరువారిని త్వరగా పట్టుకొను జాడ్యమిది. ఎదుటివానిలో దిద్దవలసినది మనకు మొదట కనబడును. ఎదుటివాడు తరువాత కనబడును. ఒక్కొక్కప్పుడు కనబడనే కనబడడు.

ఆ మూడు నెలలలోపల మాకు పుస్తకము ఎంచు వంతు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు వచ్చెను. ఆయన దళిత కుటుంబమునుండి వచ్చినవారు; మితభాషి. ఆయన తెచ్చియిచ్చినది ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. మేము పుస్తకమును చూచి నవ్వి, "ఇది మేము చదివినదే కదా" అంటిమి. ఆయనయు నవ్వి, "మళ్లీ చదవండి మాస్టారూ" అనిరి.

ఇచట ఒక యొప్పుకోలు చేయవలసియున్నది. మేము మాలపల్లిని చదువలేదు. దానినిగూర్చి ముప్పది యేండ్లు ఉపన్యసించితిమి. దాని చరిత్రమంతయు మాకు కంఠపాఠము: ఉన్నవవారు చెరసాలలో దానిని వ్రాయుట, 1922లో అది వెలువడుట, మద్రాసు ప్రభుత్వము నిషేధించుట, 1928లో ఆ నిషేధము సడలుట, 1936లో మరల బిగియుట, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన పిదప తొలగుట. ఆయన 1922లో గుంటూరున స్త్రీవిద్యకై శారదా నికేతనమును నెలకొల్పుటయు చెప్పగలము. పుస్తకమునుగూర్చి ఇంత చెప్పగలవానిని, పుస్తకము చదివితివా యని ఎవరును అడుగరు. మొదటి భాగములో కొంత చదివి, తక్కినదానిని విమర్శకుల వ్యాసములనుండి నింపుకొంటిమి. చదువునకు బదులుగా ప్రశంస మాకు చాలకాలము చెల్లుబడియైనది.

ఈ పర్యాయము నిబంధన యుండుటచే చదివితిమి. అందులోని సంభాషణలు మా గుంటూరు ప్రాంతపు పలుకుబడిలోనే సాగును. కావున చదువుచున్నట్లు కాక, పొరుగు పొలములోని మాటలు విన్నట్లుండెను. చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు మరణించు ఘట్టము ప్రసిద్ధము. అచట ఆగుదుమని మేము ముందే సిద్ధపడియుంటిమి. కాని మేము ఆగినది అచట కాదు. చౌదరయ్య కుమారుడగు రామానాయుడును సంగదాసును స్నేహితులు. వారి స్నేహమునుగూర్చి చదువుచుండగా, ఒక చిన్న ప్రశ్న, నవలలో లేనిది, మాకు తోచినది. మన యుపాధ్యాయులు ఎన్నడైనను మన యింటికి వచ్చిరా?

ఆయనతో మా పరిచయము అప్పటికి పదునాలుగేండ్లది. గ్రంథాలయములో కలిసితిమి, సభలలో ఒకే వేదికపై కూర్చుంటిమి, ఒంగోలుకు, గుంటూరుకు ఒకే రైలులో ప్రక్కప్రక్కన ప్రయాణము చేసితిమి. అస్పృశ్యతా నివారణమునుగూర్చి ఒకే కాగితముపై తీర్మానములు వ్రాసితిమి. ఆయన మా గడప త్రొక్కలేదు. మేము రావలదని యనలేదు, రమ్మనియు అనలేదు. పదునాలుగు వేసవులలో ఆయనకు మా యింట ఒక గ్లాసు మజ్జిగ ఈయలేదు.

మనస్సు తక్షణమే ఒక సమాధానము చెప్పెను: ఇంటిలో ఆడువారు ఏమనుకొందురో యను సంకోచముచే ఊరకుంటిమి. ఆ రాత్రి మా యింటివారికి సంగతి చెప్పి, మీకు అభ్యంతరమేమో యని ఇన్నాళ్లు పిలువలేదంటిమి. ఆమె చేటలోని బియ్యమునుండి తల యెత్తలేదు.

"నన్నెప్పుడడిగారు? జంకు మీదైతే నామీద పెట్టకండి."

ఇంటిలోని స్త్రీల పూర్వాచారమునుగూర్చి సంస్కర్తలు ఎన్నో వ్యాసములు వ్రాసిరి, మేమును వ్రాసితిమి. వానిలో కొన్నింటియందైనను మావంటివారి జంకు ఆడువారి కొంగు చాటున దాగియున్నదేమో యని ఇప్పుడు మాకు అనుమానము.

నెలాఖరున వసారాలో మేము ఆగిన చోటును చెప్పితిమి. పుస్తకమును పూర్వము చదువలేదనియు చెప్పితిమి. ముప్పది యేండ్ల యబద్ధము రెండు మాటలలో తీరిపోయినది. ఉపాధ్యాయులు నెమ్మదిగా అనిరి.

"మీరు చదవలేదని నాకు తెలుసు మాస్టారూ. సభల్లో ఎప్పుడూ మొదటి భాగంలో సంగతులే చెప్తారు. మంచి నవల, మీకు దక్కకుండా పోకూడదని ఇచ్చాను."

అంతియే. మా గడప, మా మజ్జిగ, మా పదునాలుగేండ్లు ఏవియు ఆయన మాటలో లేవు. ఆయన పుస్తకమును గురిపెట్టి విసరలేదు, పుస్తకముగానే ఇచ్చిరి. గ్రుచ్చుకొన్న ముల్లు మాలో ముందే యుండెను. యువకునికి మేము ఇచ్చిన నవలకును, మాకు ఈయన ఇచ్చిన నవలకును గల భేదము ఆ సాయంకాలము మాకు తెలిసినది. మేము ఒకని తప్పునకు పుస్తకమును ఎంచితిమి. ఆయన ఒక మనిషికి పుస్తకమును ఎంచిరి.

మరుసటి ఆదివారము భోజనమునకు రమ్మని ఆయనను పిలిచితిమి. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. "పుస్తకం చదివినందుకా మాస్టారూ?" అని అడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. రెండు నెలల తరువాత, ఏ నవల ప్రసక్తియు లేని ఒక వానసాయంకాలమున, గ్రంథాలయమునుండి మాతో నడచివచ్చి, మా వసారాలో గొడుగు ఆరబెట్టి, లోపల కూర్చుండి కాఫీ త్రాగి పోయిరి. ఇప్పుడు వచ్చుచు పోవుచునేయున్నారు. దీనిని మా ఘనకార్యముగా చెప్పుకొనుటకు వ్రాయలేదు. పదునాలుగేండ్లు ఆలస్యముగా చేసిన పని ఎన్నటికిని ఘనకార్యము కానేరదు.

ఇక ఆ యువకుని సంగతి. మేమే అతని యింటికి పోతిమి. మగ్గము ప్రక్క పీటపై కూర్చుండి, నీ సంగతి అడుగక తీర్పు చెప్పితిమి, తప్పు మాదే యంటిమి. అతడు కండె మార్చుకొనుచు, "పోనీండి మాస్టారూ" అనెను. ఆ దినమున పుస్తకముల మాట ఎత్తలేదు. అతని తండ్రి యారోగ్యమునుగూర్చియు, నూలు ధరనుగూర్చియు మాటలాడితిమి. తరువాతి నెల అతడు వసారాకు వచ్చెను.

మరుసటి యేడు చెంబులోని అదృష్టము అతని చీటీని మరల మా చేతికే ఇచ్చెను. అప్పటికి అతడు, మగ్గముపై సంసారము జరుగక, హైదరాబాదులో ఒక బట్టల దుకాణమున పనికి కుదురుకొని, ప్రయాణమునకు సిద్ధముగా ఉండెను. ఈ పర్యాయము మేము బీరువా తెరచుటకు ముందు అతనిని చూచితిమి. ఊరు దాటి ఎన్నడును ఉండనివాడు. లోపల బెదురుచు పైకి నవ్వుచున్నవాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము ఇచ్చితిమి. మొగలితుఱ్ఱునుండి బయలుదేరి, అడుగడుగునకు పొరబడుచు, ఎవరిని చూచియు అధైర్యపడక సీమకు చేరిన ఆ పిల్లవాడు ఇతనికి రైలులో తోడుండునని తోచినది. పదిదినములకు ఫోనులో అతని సందేశము వచ్చెను: "దొరసాని టోపీ కొన్న చోట ఆగాను మాస్టారూ. పక్క సీటాయన ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు. ఆయనకు చదివి వినిపించాను." ముప్పది యేండ్లలో మేము పొందిన ప్రశంసాపత్రములు కొన్ని కలవు. వానినన్నిటిని ఒక తట్టున ఉంచి, ఈ సందేశమును మరియొక తట్టున ఉంచుదుము.

నేడు మనకొరకు పుస్తకములు ఎంచువారికి కొరత లేదు. మన చేతిలోని ఫోనే ఆ పనికి పూనుకొన్నది. నిన్న మనము మెచ్చినదానిని గురుతుంచుకొని, అట్టిదానినే నేడు ముందుంచును; రేపును అట్టిదానినే ఉంచును. అది మాకు ఎన్నడును వేయిపడగలు చూపి యుండదు. పెద్దాయనకు కాలాతీత వ్యక్తులు చూపి యుండదు. మా తాతగారు మేనత్తను తానున్న హద్దులో నిలుపుటకు పుస్తకము ఎంచిరి. మాలపల్లిని నిషేధించిన ప్రభుత్వము జనులను ఉన్నచోటనే యుంచుటకు పుస్తకమును తొలగించెను. యంత్రము, కోపము లేకయే, శాసనము లేకయే, ఇంచుమించు ఆ పనినే చేయుచున్నది. తోటి చదువరి ఎంచినది మాత్రము వేరు. అతడు తానున్నచోటినుండి మనలను పిలుచుచున్నాడు. చివరి పుటవరకు చదువుట ఆ పిలుపునకు పలుకుట. పలికినంతమాత్రమున అతనితో ఏకీభవింపనక్కరలేదు.

పాఠకమహాశయులకు మా మనవి యొకటి. ఇందులకు సంఘములు, సభలు అక్కరలేదు. మీ యింటనే ప్రారంభింపుడు. నెలకొక పర్యాయము మామగారికి కోడలు ఒక నవలను ఎంచి యిచ్చుగాక; తండ్రికి కుమారుడు, అత్తగారికి అల్లుడు ఎంచి యిచ్చుగాక. ఇచ్చువారు, దీనితో ఎవరిని దిద్దుదుమను తలంపును గడప బయట విడువవలెను. పుచ్చుకొన్నవారు ఎఱ్ఱ పెన్సిలును అచటనే విడువవలెను. చదివిన పిదప బాగోగుల తీర్పునకు తొందరపడక, ఎచట ఆగితిరో ఒకరికొకరు చెప్పుకొనుడు. ఏండ్లతరబడి ఒకే కప్పు క్రింద నివసించియు మనము ఒకరినొకరము అడుగని ప్రశ్నలు ఆ చోటులలో బయటపడును.

ఈ నెల మా చీటీ కళాశాల అమ్మాయికి వచ్చినది. ఆమె నిన్న వచ్చి, పాత వార్తాపత్రికతో అట్టవేసిన ఒక పుస్తకమును ఇచ్చి, ఏమియు చెప్పక నవ్వి పోయినది. లోపలి పేరు మేమింకను చూడలేదు. మా యింటివారు మాత్రము రెండు పుటలు త్రిప్పి చూచి, "మీరు దీన్ని చివరిదాకా చదువుతారా?" అని అడిగిరి. చదువుదుమని చెప్పితిమి.